హామండ్స్‌పోర్ట్, స్టూబెన్ కౌంటీ విమాన చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీ నుంచి నయాగరా చూడబోయే తెలుగువాళ్ళు దారిలో కోర్నింగ్ గాజు మ్యూజియం దగ్గర ఆగడం మామూలే. కోర్నింగ్ ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలోని స్టూబెన్ కౌంటీలో. పెన్సిల్వేనియా సరిహద్దును ఆనుకుని, కొండలు, పాడి పొలాలు, ద్రాక్షతోటలతో నిండిన పల్లె ప్రాంతం అది. కోర్నింగ్ నుంచి మరో ముప్పావు గంట కారు నడిపితే క్యూకా సరస్సు దక్షిణపు కొసన హామండ్స్‌పోర్ట్ వస్తుంది. వెయ్యి మంది కూడా లేని ఊరు. అమెరికా విమాన పరిశ్రమ పుట్టింది ఇక్కడే అంటే నమ్మడం కష్టం. అందుకే ఇన్ని ప్రశ్నలు.

మొదట ఎగిరింది రైట్ సోదరులు కదా? ఇక్కడి గొప్పేమిటి?

మొదట ఎగిరింది వాళ్ళే, అందులో వాదన లేదు. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుక దిబ్బల దగ్గర ఆ పని జరిగింది. ఆ తరువాత రెండేళ్ళు ఒహాయో రాష్ట్రంలోని తమ సొంత ఊరు డేటన్ దగ్గర పొలంలో యంత్రాన్ని మెరుగుపరిచి, 1905 చివరి నుంచి 1908 వసంతం దాకా అసలు ఎగరడమే మానేశారు. పేటెంటు చేతికి వచ్చి, కొనుగోలుదారు ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా యంత్రాన్ని ఎవరికీ చూపించకూడదన్నది వాళ్ళ పట్టుదల.

హామండ్స్‌పోర్ట్ వాళ్ళది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఫలానా రోజున ఎగరబోతున్నామని చెప్పి, జనాన్ని పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే ఎగిరేవారు. పడితే అందరి ముందూ పడేవారు. తయారుచేసి అమ్మారు, అడిగినవాళ్ళకు నేర్పారు. విమానాన్ని కనిపెట్టిన గౌరవం డేటన్‌ది. దాన్ని నలుగురూ కొని, నేర్చుకుని, నడిపే వస్తువుగా చేసిన గౌరవంలో సింహభాగం ఈ ఊరిదే అని నా అభిప్రాయం.

ఇంత మారుమూల ఊరిలో విమానాలు ఎలా మొదలయ్యాయి?

ఇంజన్ వల్ల. ఆ రోజుల్లో రెక్కల సంగతి కొంతమందికి తెలుసు గానీ, తేలికగా ఉంటూ బలంగా లాగే ఇంజనే దొరికేది కాదు. అది హామండ్స్‌పోర్ట్‌లో ఒక సైకిల్ షాపు యజమాని దగ్గర దొరికింది. అతని పేరు గ్లెన్ కర్టిస్. సైకిళ్ళకు బిగించడానికి తయారుచేసిన ఇంజన్లు అతనివి.

ఈ వార్త మొదట చేరింది బెలూన్ల ప్రదర్శకుడు థామస్ బాల్డ్విన్‌కు. అతను కర్టిస్ ఇంజన్‌తో 'కాలిఫోర్నియా యారో' అనే గాలి ఓడను తయారుచేసి 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పేరు తెచ్చుకున్నాడు. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో నాశనమయ్యాక మకాం ఏకంగా హామండ్స్‌పోర్ట్‌కు మార్చేశాడు.

నేల కూడా కలిసి వచ్చింది. రెండు కొండల మధ్య చదునైన లోయ, చలికాలంలో గడ్డకట్టే సరస్సు. ఆ మంచు పలక కంటే మంచి రన్‌వే ఆ కాలంలో ఎవరికి ఉంది?

గ్లెన్ కర్టిస్ ఇంజనీరింగ్ చదివాడా?

ఎనిమిదో తరగతి దాకా చదివాడు. 1878 మే 21న హామండ్స్‌పోర్ట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చెల్లెలికి జబ్బుచేసి వినికిడి పోవడంతో, ఆమె బధిరుల పాఠశాల కోసం కుటుంబం రోచెస్టర్‌కు మారింది. అక్కడ అతను ఈస్ట్‌మన్ ఫోటో కంపెనీలో కూలికి పనిచేశాడు, సైకిల్ మీద తంతి కబుర్లు పంచాడు. తరువాత నానమ్మ ఉన్న హామండ్స్‌పోర్ట్‌కే తిరిగివచ్చి, సైకిల్ పందాలు గెలుస్తూ, షాపు పెట్టి, మోటారు సైకిళ్ళలోకి దిగాడు. మొదటి ఇంజన్‌కు కార్బురేటర్‌గా టమాటా డబ్బాను వాడాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1907 జనవరిలో ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్ ఇసుక మీద, ఎనిమిది సిలిండర్ల ఇంజన్ బిగించిన మోటారు సైకిల్‌తో మైలు దూరాన్ని 26.4 సెకన్లలో దాటాడు. అంటే గంటకు 136 మైళ్ళ పైమాటే. తిరుగు పరుగుకు ముందే యంత్రం విరగడంతో ఆ రికార్డు అధికారికం కాలేదు. అప్పటికి భూమ్మీద ఏ మనిషీ అంత వేగంగా పోలేదు. అలాంటివాడు మాట్లాడటానికి మాత్రం మహా మొహమాటస్తుడు, ఫోటోల్లో నవ్వడం అరుదు.

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్‌కు ఈ ఊరితో ఏం పని?

ఇంజన్ల కోసమే ఆయనకూ కర్టిస్ పరిచయమయ్యాడు. 1907 అక్టోబరులో బెల్ కెనడాలో 'ఏరియల్ ఎక్స్‌పెరిమెంట్ అసోసియేషన్' అనే సంఘం పెట్టాడు. డబ్బు ఇచ్చింది ఆయన భార్య మేబెల్. ఆలోచన కూడా ఆమెదే. ఐదుగురు సభ్యులు: బెల్, కర్టిస్, కెనడా కుర్రాళ్ళు కేసీ బాల్డ్విన్, మెకర్డీ, అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిజ్. (ఈ కేసీ బాల్డ్విన్‌కూ బెలూన్ల బాల్డ్విన్‌కూ చుట్టరికం లేదు.) చలికాలం రాగానే పనంతా హామండ్స్‌పోర్ట్‌కు మారింది, ఎందుకంటే కార్ఖానా, పనివాళ్ళు అక్కడే ఉన్నారు.

ఏడాదిలో నాలుగు విమానాలు తయారుచేశారు. మొదటిది 'రెడ్ వింగ్'. బెల్ గాలిపటానికి వాడగా మిగిలిన ఎర్ర పట్టును రెక్కలకు చుట్టారు, అందుకే ఆ పేరు. 1908 మార్చి 12న కేసీ బాల్డ్విన్ దాన్ని క్యూకా సరస్సు మంచు మీది నుంచి లేపి 318 అడుగుల 11 అంగుళాలు ఎగిరాడు. అయిదు రోజులకే అది ఒక పక్కకు ఒరిగి కూలింది. అతనికి దెబ్బలేమీ తగల్లేదు గానీ, పక్కకు ఒరగకుండా ఆపే సాధనం లేనిదే లాభం లేదని అందరికీ తెలిసింది. రెండోదైన 'వైట్ వింగ్'కు రెక్కల చివర కదిలే పలకలు పెట్టారు. కర్టిస్ మొదటిసారి గాల్లోకి లేచింది దానితోనే, సరిగ్గా తన ముప్పయ్యో పుట్టినరోజున. 1,017 అడుగులు వెళ్ళాడు.

1908 జూలై 4న జరిగింది ఏమిటి?

ఈ ప్రాంత చరిత్రలో ఒక్క రోజు గురించే చెప్పమంటే ఈ రోజు గురించే చెప్పాలి.

'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక ఒక వెండి ట్రోఫీ ప్రకటించింది. తిన్నగా ఒక కిలోమీటరు, అంటే 3,281 అడుగులు, అందరి ముందు ఎగిరినవారికి అది దక్కుతుంది. పత్రిక యజమాని ముందుగా రైట్ సోదరులనే అడిగాడు. వాళ్ళ విమానం అప్పట్లో చక్రాల మీద కాకుండా పట్టాల మీది నుంచి లేచేది. పోటీ నియమాలకు అది కుదరదు, వాళ్ళకు మార్చే ఉద్దేశమూ లేదు. దాంతో కర్టిస్ కబురు పెట్టాడు. సంఘం మూడో విమానం 'జూన్ బగ్' సిద్ధంగా ఉంది. పేరు పెట్టింది బెల్. ఆ రుతువులో దీపాల చుట్టూ తిరిగే పెంకు పురుగు పేరు అది.

జూలై 4 జాతీయ పండుగ, సెలవు రోజు. ప్లెజెంట్ వ్యాలీ వైనరీకి దగ్గరలో ఉన్న స్టోనీ బ్రూక్ ఫార్మ్‌కు సుమారు వెయ్యి మంది చేరారు. అమెరికా విమాన సంఘమైన ఏరో క్లబ్ పెద్దలు న్యూయార్క్ నుంచి రైల్లో వచ్చారు. వాన, గాలి. ఎవరూ కదలలేదు. ద్రాక్షతోటల నీడలో బుట్టలు విప్పి తింటూ కూర్చున్నారు. సాయంత్రం ఏడు దాటాక గాలి సద్దుమణిగింది. మొదటి ప్రయత్నంలో తోక బిగింపు సరిగా లేక విమానం పైకి పైకి పోబోయింది, కర్టిస్ హద్దు చేరకముందే దించేశాడు. తోక సరిచేసి మళ్ళీ లేచాడు. ఈసారి హద్దు జెండా దాటాక కూడా ఆగలేదు. 5,090 అడుగులు, 1 నిమిషం 42.5 సెకన్లు.

ఏరో క్లబ్ తరఫున దూరం కొలిచినవాడు చార్లెస్ మ్యాన్లీ. 1903లో శాస్త్రవేత్త లాంగ్లీ తయారుచేసిన విమానంతో పాటు రెండుసార్లు పోటోమాక్ నదిలో పడి బతికి బయటపడిన మనిషి. ఎగరని విమానం నడిపినవాడే ఎగిరిన విమానానికి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

ముందుగా ప్రకటించి జనం ముందు ఎగరడం అమెరికాలో ఇదే మొదలు. సినిమా కెమెరా కూడా అక్కడే ఉంది.

రైట్ సోదరుల దావా సంగతి ఏమిటి? కర్టిస్ దొంగిలించాడా?

ఈ ప్రశ్నకు డేటన్‌లో ఒక జవాబు, హామండ్స్‌పోర్ట్‌లో ఇంకొక జవాబు వస్తుంది.

విమానం పక్కకు ఒరగకుండా రైట్ సోదరులు రెక్కనే మెలితిప్పేవారు. 1906లో వాళ్ళకు వచ్చిన పేటెంటు విస్తృతంగా రాసి ఉంది. రెండు వైపుల రెక్కలు గాలిని వేర్వేరు కోణాల్లో ఎదుర్కొనేలా చేసే ఏ పద్ధతైనా తమదేనన్నది వాళ్ళ వాదన. రెక్కకు విడిగా బిగించిన పలకలు, అంటే ఐలెరాన్లు, వేరే సంగతి అని కర్టిస్ వాదన. నిజానికి 1868లోనే మాథ్యూ బౌల్టన్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి పలకలకు పేటెంటు తీసుకున్నాడు, అది ఎవరికీ గుర్తులేదు.

జూన్ బగ్ ఎగిరిన రెండు వారాలకే ఆర్విల్ రైట్ హెచ్చరిక ఉత్తరం రాశాడు. 1909లో కర్టిస్ ఒక విమానాన్ని 5,000 డాలర్లకు న్యూయార్క్ ఏరోనాటిక్ సొసైటీకి అమ్మాడు. ఆగస్టులో దావా పడింది. 1914 జనవరిలో పై కోర్టు రైట్‌ల పక్షాన తీర్పు ఇచ్చింది. కర్టిస్ ఆగలేదు. రెండు ఐలెరాన్లను ఒకేసారి కాకుండా విడివిడిగా కదిలిస్తే పేటెంటు వర్తించదని కొత్త వాదన ఎత్తుకున్నాడు. చివరికి 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు, ప్రభుత్వ ఒత్తిడితో కంపెనీలన్నీ పేటెంట్లను ఉమ్మడిగా పంచుకునే ఏర్పాటు జరిగి గొడవ సద్దుమణిగింది.

చట్టం ప్రకారం గెలిచింది రైట్‌లే. కానీ ఈ రోజు మీరు ఎక్కే విమానం రెక్క చివర పైకీ కిందికీ ఆడే పలకను చూడండి. నిలిచింది మెలితిప్పే రెక్క కాదు. 1929లో రెండు కంపెనీలూ కలిసిపోయి 'కర్టిస్-రైట్' అయ్యాయి. ఆ పేరులో ఎవరి పేరు ముందు వచ్చిందో చూసి ఆర్విల్ సంతోషించి ఉండడు.

అమెరికా పైలట్ లైసెన్సుల్లో ఒకటో నంబరు కర్టిస్‌దేనా?

అవును, 1911 నాటిది. అయితే ఏరో క్లబ్ మొదటి జాబితాను బడి హాజరు పట్టీలా అక్షర క్రమంలో తయారుచేసింది. కర్టిస్ ఒకటి, ఆర్విల్ నాలుగు, విల్బర్ ఐదు. దీన్ని పట్టుకుని వాదనకు దిగకండి.

ఇక్కడ నేర్చుకున్న ఇతర పైలట్లు ఎవరు?

చాలామందే. లోయలోని కింగ్స్‌లీ ఫ్లాట్స్ అనే చదునైన పొలమే పాఠశాల.

బ్లాంచ్ స్టూవర్ట్ స్కాట్ రోచెస్టర్ అమ్మాయి. 1910లో కారు నడుపుకుంటూ న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి వార్తల్లోకి ఎక్కింది. ఆడవాళ్ళకు నేర్పడం కర్టిస్‌కు ఇష్టం లేదు. ప్రమాదం జరిగితే పేరు పోతుందని భయం. ఒప్పుకున్నాక కూడా వేగం పెరగకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, నేల మీదే నడుపుతూ ఉండమన్నాడు. సెప్టెంబరులో ఒకరోజు ఆ చెక్క జారిందో, గాలి లేపిందో గానీ విమానం సుమారు 40 అడుగులు లేచింది. ఆమె క్షేమంగా దించింది. చెక్క దానంతట అదే జారిందా అన్నది ఊళ్ళో ఇంకా తెగని ప్రశ్న. కావాలని ఎగరలేదన్న సాకుతో మొదటి మహిళా పైలట్ గౌరవం రెండు వారాల తరువాత ఎగిరిన బెసికా రేష్‌కు ఇచ్చారు. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది. పొరపాటున లేచిన విమానం పొరపాటున క్షేమంగా దిగదు కదా.

లింకన్ బీచీ విన్యాసాల్లో ఆ కాలపు మొనగాడు. 1913 అక్టోబరులో హామండ్స్‌పోర్ట్‌లో అతని విమానం పైకప్పు మీద నిలబడి చూస్తున్నవాళ్ళను తాకి ఒక యువతి చనిపోయింది. ఈ ఊరి కథలో చెప్పుకోవడానికి బాధపడే ఘట్టం ఇది. ఆపై కొన్ని వారాలకే బీచీ శాన్‌డియేగోలో గాల్లో పల్టీ కొట్టాడు.

జపాన్ యువకుడు మోతోహిసా కొండో 1912లో ఈ కౌంటీలోనే సవోనా దగ్గర విమానం గాలిమరను తాకి మరణించాడు.

పైలట్ కాకపోయినా హెన్రీ క్లెక్లర్‌ను వదలకూడదు. స్థానికుడు, మెకానిక్. కర్టిస్ సగం మాటలో చెప్పిన ఆలోచనను మరునాటికి ఇనుములో, చెక్కలో చేసి చూపించేవాడు.

భారతీయులు ఎవరైనా కర్టిస్ దగ్గర నేర్చుకున్నారా?

మోహన్ సింగ్ అనే పంజాబీ 1912లో కర్టిస్ శీతాకాలపు పాఠశాలలో నేర్చుకుని అమెరికా ఏరో క్లబ్ లైసెన్సు సంపాదించాడు. ఆ పాఠశాల ఉన్నది కాలిఫోర్నియాలోని శాన్‌డియేగోలో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్ఖానాలో కర్టిస్ హాక్ యుద్ధ విమానాలు బిగించారు. అప్పటికి కర్టిస్ చనిపోయి పదేళ్ళు దాటింది, కంపెనీకి పేరు మాత్రమే మిగిలింది.

అమెరికా నౌకాదళ వైమానిక విభాగానికి ఈ సరస్సే జన్మస్థలం అంటారు. నిజమేనా?

శాన్‌డియేగో వాళ్ళు ఒప్పుకోరు. నీటి మీది నుంచి కర్టిస్ మొదట లేచింది 1911 జనవరి 26న, అక్కడే. అంతకుముందు 1908 శీతాకాలం ఆరంభంలో జూన్ బగ్‌కు పడవలు కట్టి 'లూన్' అని పేరు మార్చి క్యూకా సరస్సు మీద పరిగెత్తించారు. నీరు వదల్లేదు. అయితే నౌకాదళం కొన్న మొదటి విమానం 'ఏ-1 ట్రయాడ్' మొదట ఎగిరింది 1911 జూలై 1న ఈ సరస్సు మీదే. నేల, నీరు, గాలి మూడింటిలో నడిచేది కాబట్టి ట్రయాడ్. నౌకాదళపు ఒకటో నంబరు పైలట్ థియోడర్ ఎల్లిసన్ కూడా ఆ రోజు నడిపాడు.

1912లో పడవే విమానమైన ఫ్లయింగ్ బోటు వచ్చింది. మొదట అది కూడా నీటిని వదల్లేదు. చదునైన అడుగు భాగాన్ని నీరు జిగురులా పట్టుకుంటుంది. అడుగున మెట్టులాంటి విరుపు ఒకటి పెట్టగానే గాలి దూరి, నీరు పట్టు వదిలింది. ఇప్పటి నీటి విమానాలకూ ఆ మెట్టు ఉంటుంది.

షాంపేన్ సీసా పగలని కథ ఏమిటి?

1914 జూన్ 22న 'అమెరికా' అనే పెద్ద ఫ్లయింగ్ బోటును సరస్సులోకి దించారు. అట్లాంటిక్ దాటించాలని రాడ్‌మన్ వానమేకర్ డబ్బు పెట్టి చేయించాడు. ఊరి వైనరీ కుటుంబపు అమ్మాయి కొత్త ఓడలకు చేసే ఆచారం ప్రకారం గ్రేట్ వెస్టర్న్ షాంపేన్ సీసాతో దాని ముక్కు మీద కొట్టింది. పగల్లేదు. మళ్ళీ కొట్టింది. పగల్లేదు. చివరికి విమానం నడపాల్సిన బ్రిటిష్ అధికారి జాన్ పోర్ట్ సుత్తి తెచ్చి పగలగొట్టాడు. ఆగస్టులో యుద్ధం వచ్చింది. అట్లాంటిక్ ప్రయాణం రద్దయింది. విమానాన్ని బ్రిటిష్ నౌకాదళం కొనుక్కుంది.

లాంగ్లీ విమానాన్ని ఇక్కడ ఎగరేయడం మీద ఎందుకంత రభస?

రైట్‌ల కంటే ముందే ఎగరగలిగిన యంత్రం ఉండేదని చూపితే పేటెంటు బలహీనపడుతుంది. వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియం సంస్థ స్మిత్సోనియన్‌కేమో తన పాత కార్యదర్శి లాంగ్లీ పరువు నిలబెట్టాలని ఉంది. 1914 వేసవిలో ఆ పాత యంత్రాన్ని హామండ్స్‌పోర్ట్‌కు తెచ్చి, చాలా మార్పులు చేసి, పడవలు కట్టి సరస్సు మీద కొద్ది కొద్ది దూరాలు ఎగరేశారు. ఆపై మార్పుల సంగతి దాచి, ఎగరగల మొదటి విమానం ఇదేనని స్మిత్సోనియన్ బోర్డు పెట్టింది. కర్టిస్ మీద నాకెంత అభిమానం ఉన్నా ఈ పనిని సమర్థించలేను. ఆర్విల్ మండిపడి 1928లో తమ అసలు విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియంకు పంపేశాడు. స్మిత్సోనియన్ 1942లో తప్పు ఒప్పుకున్నాక, 1948లో గానీ అది అమెరికాకు తిరిగి రాలేదు. అప్పటికి ఆర్విల్ లేడు.

అంత పరిశ్రమ ఊరు వదిలి ఎందుకు వెళ్ళింది?

యుద్ధం ఆర్డర్లు తెచ్చింది. వందల విమానాలు కావాలన్నారు. హామండ్స్‌పోర్ట్‌కు బాత్ అనే ఊరి నుంచి వచ్చే ఒక్క చిన్న రైలు మార్గమే దిక్కు. కొండల మధ్య కార్ఖానా పెంచే చోటు లేదు, పనివాళ్ళకు ఇళ్ళు లేవు. 1915 నాటికి ప్రధాన కార్ఖానా బఫెలోకు వెళ్ళింది. అక్కడ 'జెన్నీ' శిక్షణ విమానాలు వేలల్లో తయారయ్యాయి. యుద్ధం ముగిసేదాకా హామండ్స్‌పోర్ట్‌లో ఇంజన్లు మాత్రం చేశారు, తరువాత అదీ ఆగింది. పని పోయినవాళ్ళు కొందరు కలిసి 1920లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. మెర్క్యురీ ఎయిర్‌క్రాఫ్ట్ దాని నుంచి వచ్చిందే.

కర్టిస్ ఫ్లోరిడా వెళ్ళి, భూముల వ్యాపారంలో దిగి, హయాలియా, మయామీ స్ప్రింగ్స్, ఓపాలాకా ఊళ్ళు కట్టించాడు. 1930 జూలై 23న, అపెండిసైటిస్ ఆపరేషన్ తరువాత, బఫెలోలో చనిపోయాడు. వయసు 52.

వెళ్తే ఏం చూడవచ్చు? ఎంత సమయం పడుతుంది?

ఊరి బయట, ఒకప్పటి వైనరీ గోదాములో గ్లెన్ కర్టిస్ మ్యూజియం ఉంది. మోటారు సైకిళ్ళు, జెన్నీ, ఫ్లయింగ్ బోట్లు. కనీసం రెండు మూడు గంటలు పెట్టుకోండి. పిల్లలతో వెళ్తే మరమ్మతుల కార్ఖానాను వదలకండి. పదవీ విరమణ చేసిన స్థానికులు అక్కడ పాత నమూనాలను కర్ర, గుడ్డ, తీగలతో మళ్ళీ కడుతుంటారు, అడిగితే పని ఆపి ఓపికగా చెబుతారు. వాళ్ళు కట్టిన 'అమెరికా' నమూనా 2008లో క్యూకా సరస్సు మీద నిజంగానే ఎగిరింది.

కర్టిస్ సమాధి ప్లెజెంట్ వ్యాలీ శ్మశానంలో ఉంది. గ్లైడర్ల మీద ఆసక్తి ఉంటే పక్కనున్న చిమంగ్ కౌంటీలో ఎల్మైరా దగ్గర హారిస్ హిల్‌కు వెళ్ళండి, అది వేరే కథ. చలికాలంలో మ్యూజియం వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి ఫోను చేసి కనుక్కోండి. నయాగరాకు అక్కడి నుంచి మరో రెండున్నర గంటల దారి. చీకటి పడేలోపు చేరాలంటే మధ్యాహ్న భోజనానికి ముందే హామండ్స్‌పోర్ట్‌లో ఉండాలి.